తుంటికా, మడమకా? పెద్దకూర మెత్తదనంపై చర్చ

ఎముకలగది (క్వీన్స్‌లాండ్, ఆస్ట్రేలియా):
నేను ఇక్కడి ఒక కబేళాలో ఎముకల నుంచి మాంసం వేరుచేసే పనిలో ఉన్నాను. కళేబరాన్ని వెనక కాలి మడమ నరానికి వేలాడదీసే పాత పద్ధతిని మాని, తుంటి ఎముక రంధ్రంలో కొక్కెం వేసే టెండర్‌స్ట్రెచ్ పద్ధతికి మారాలని యాజమాన్యం అంటోంది. మాంసం నిజంగానే అంత మెత్తబడుతుందా, లేక మాకు చాకిరీ పెరగడమేనా?

పశువుల డాక్టరు:
మెత్తబడుతుంది. ప్రాణం పోయిన తరువాత కండ బిగుసుకునేలోపు దాన్ని సాగదీసి ఉంచితే పోగులు ముడుచుకోవు, ముడుచుకోని పోగు పంటికి సులువుగా తెగుతుంది. మడమకు వేసినప్పుడు కాలు వెనక్కి చాచుకుపోయి వీపు కండ, తొడ కండలు వదులవుతాయి. తుంటికి వేస్తే పశువు నిలబడినప్పటిలా కాలు వెన్నుకు ఇంచుమించు లంబంగా వాలి, అవే కండలు లాగిపట్టినట్లు ఉంటాయి. 1970ల్లోనే టెక్సాస్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ ఇది తేలింది. మాంసం తినడానికి ఎంత బాగుంటుందో అంచనా కట్టే మీట్ స్టాండర్డ్స్ ఆస్ట్రేలియా శ్రేణీకరణలో వేలాడదీసిన తీరు కూడా లెక్కలోకి వస్తుంది.

హలీంరాజు:
అండర్‌కట్, అంటే వెన్నెముకకు లోపలివైపు ఉండే కండ, దాని సంగతి దాటవేశారు. మడమకు వేసినప్పుడే అది సాగుతుంది, తుంటికి వేస్తే పొట్టిపడుతుంది.

పశువుల డాక్టరు:
నిజమే. అయితే అది పుట్టుకతోనే మెత్తని కండ కాబట్టి కొంత పోయినా తినేవారికి పెద్దగా తెలియదు.

హలీంరాజు:
కొంత అంటే ఎంత? అన్నిటికంటే ఖరీదైన ముక్క అదే కదా.

చిన్నమాట:
కోసిన వెంటనే కళేబరానికి విద్యుత్తు ప్రవాహం పెడితే ఈ రెండు పద్ధతుల మధ్య తేడా తగ్గుతుంది.

పశువుల డాక్టరు:
తగ్గుతుంది. మన ఊళ్లలో అదీ లేదు, ఇదీ లేదు. వేలాడదీయడమే తెలియని దుకాణాల్లో కొన్న మాంసం నమలలేక దవడలు నొప్పిపుట్టినవారిలో నేనూ ఒకణ్ణి.

పాతబస్తీ:
మా నాన్న నలభై ఏళ్లు పెద్దకూర దుకాణం నడిపారు, కనుక ఈ మాటకు జవాబు చెప్పక తప్పదు. తెల్లవారుజామున కోసిన గేదె మాంసాన్ని వేడి ఆరకముందే కొనుక్కుని, ఇంటికెళ్లగానే ఫ్రీజరులో పడేసి, మరునాడు గట్టిగా ఉందని మామీదికి వచ్చేవారు. బిగుసుకోకముందే అంత చల్లదనం తగిలితే కండ ముడుచుకుపోతుందని మీకు తెలియనిదా? పైగా మాకు వచ్చేవి పాలు వట్టిపోయిన ముసలి గేదెలు. కండను పట్టి ఉంచే, వయసుతో గట్టిపడిన వాటి సంధాన కణజాలాన్ని ఏ కొక్కెం మెత్తబరుస్తుంది, డాక్టరు గారూ?

పశువుల డాక్టరు:
మెత్తబరచదు, దానికి నిదానంగా ఉడకబెట్టడమే దారి. దుకాణాల గురించి నేను తొందరపడి అన్నాను.

ఎముకలగది:
అందరూ తినేవారి పంటి గురించే రాస్తున్నారు. వధ జరిగిన గంట, గంటన్నరలోపు వేడి కళేబరానికి కొక్కెం మార్చాలి. వాలిన కాళ్లు అడ్డంగా నిలుస్తాయి గనుక శీతల గదిలో పట్టే సంఖ్య తగ్గుతుంది. తొడ ఆకారం మారడంతో, పదకొండేళ్లుగా కళ్లు మూసుకుని పోనిచ్చిన కత్తి ఇక ఎముకకు తగిలి ఆగుతుంది. నిరుడు నా మణికట్టుకు శస్త్రచికిత్స జరిగింది. మెత్తని మాంసానికి వచ్చే ఎక్కువ ధరలో మా చేతికి ఏమీ రాదు, గంటకు ఇన్ని కళేబరాలు కోయాలన్న లెక్క మాత్రం మారదు.

పశువుల డాక్టరు:
ఇది మొదటే చెప్పి ఉంటే నేను పోగుల దగ్గర ఆగిపోయేవాణ్ణి కాదు. పద్ధతి మంచిదే, కానీ ఆ లెక్క తగ్గించకుండా ఒప్పుకోకండి.

హలీంరాజు:
అండర్‌కట్‌కు జవాబు ఇంకా రాలేదు.

ఎముకలగది:
సోమవారం సమావేశం ఉంది. చేతులకు కొత్త ఆకారం అలవాటయ్యేదాకా వరుస వేగం తగ్గించమని అడుగుతాను.