వీడియో సమీక్ష వచ్చాక కూడా రెఫరీ నిర్ణయాలపై వివాదం ఎందుకు ఆగడం లేదు?

ప్రశ్న:
2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌ను ఈమధ్య మళ్లీ చూశాను. ఫ్రాన్స్, క్రొయేషియా చెరో గోల్‌తో సమంగా ఉన్నప్పుడు ఒక కార్నర్ కిక్‌లో బంతి పెరిసిచ్ చేతికి తగిలింది. కొద్ది నిమిషాల క్రితం క్రొయేషియా తరఫున గోల్ కొట్టింది కూడా ఆయనే. రెఫరీ నెస్టర్ పిటానా మొదట పెనాల్టీ ఇవ్వలేదు. వీడియో గది నుంచి పిలుపు రాగానే మానిటర్ దగ్గరికి వెళ్లి చూశారు, వెనుదిరిగారు, మళ్లీ ఆగి ఇంకోసారి చూసి, అప్పుడు పెనాల్టీ ఇచ్చారు. స్పష్టమైన పొరపాటు జరిగితేనే వీడియో రెఫరీ జోక్యం చేసుకోవాలన్నది నియమం. అంత తటపటాయించవలసి వచ్చినదాన్ని స్పష్టమైన పొరపాటు అని ఎలా అనగలం?

మొదటి జవాబు:
కొలవగలిగిన వాటిని, బేరీజు వేయవలసిన వాటిని మనం ఒకే గాటన కడుతున్నాం. 2010 ప్రపంచ కప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి బార్‌కు తగిలి గీత దాటి లోపల పడినా రెఫరీ గోల్ ఇవ్వలేదు. 2014 ప్రపంచ కప్ నాటికి గోల్‌లైన్ సాంకేతికత రావడంతో ఆ రకం తగాదా దాదాపు తీరిపోయింది. 2022లో సౌదీ అరేబియాపై తొలి అర్ధభాగంలోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్ కింద, అంటే ఆటగాడు ఉండకూడనంత ముందుకు వెళ్లి ఉన్నాడని, రద్దయ్యాయి. అదీ కొలవగలిగినదే. చేయి తగలడం అలాంటిది కాదు. తగిలిందా లేదా అన్నది కెమెరా చెబుతుంది గానీ, అది తప్పా కాదా అన్నది మనిషే తేల్చాలి.

రెండో జవాబు:
కొలతల దగ్గర గొడవే లేదన్న మాటతో నేను ఏకీభవించను. 2022లో స్పెయిన్‌పై జపాన్ రెండో గోల్‌కు ముందు మితోమా వెనక్కి తన్నిన బంతి గీత దాటిపోయినట్టే టీవీలో కనిపించింది. నేల మీద ఆనిన చోటు గీతకు అవతలే ఉన్నా, పైనుంచి చూస్తే బంతి గుండ్రటి అంచు గీత మీదికి వాలి ఉంది కనుక అది ఆటలో ఉన్నట్టే లెక్క. ఆ ఒక్క గోల్ లేకపోతే అదే గ్రూప్‌లోని జర్మనీ తదుపరి దశకు చేరేది. నిర్ణయం సరైనదే, కానీ దాన్ని వివరించే వీడియోను ఫిఫా మర్నాటికి గానీ బయటపెట్టలేదు, ఈలోగా ప్రపంచమంతా రెఫరీని తిట్టిపోసింది. 2023 మహిళల ప్రపంచ కప్‌లో సమీక్ష తర్వాత తుది నిర్ణయాన్ని రెఫరీలే మైకులో ప్రకటించారు. అది అప్పటికే ఆలస్యం.

మూడో జవాబు:
పిటానా విషయంలో ఎవరూ ప్రస్తావించని అంశం ఒకటుంది. నెమ్మది చేసిన దృశ్యాన్ని తప్పు ఎక్కడ జరిగింది, బంతి ఎక్కడ తగిలింది వంటి వాస్తవాల కోసమే వాడాలని, చేయి తగలడం తప్పా కాదా అన్నది మామూలు వేగంలోనే చూసి నిర్ణయించాలని వీడియో సమీక్ష నిబంధనల్లోనే ఉంది. వేగం తగ్గిస్తే ఏ చేయి అయినా కావాలనే బంతి వైపు కదిలినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పాక మామూలు వేగంలో నాలుగుసార్లు చూశాను. ముందు ఫ్రాన్స్ ఆటగాడు మాట్యూడి గాలిలోకి ఎగరడం, ఆ వెనుకే బంతి వచ్చి పెరిసిచ్ చేతికి తగలడం రెప్పపాటులో జరిగిపోయాయి. నేనైతే ఇవ్వను.

రెండో జవాబు ఇచ్చినవారు:
నేనూ చూశాను. చేయి కిందికి, బంతి వైపుకే వెళ్లింది. నేనైతే ఇస్తాను.