పాస్‌వర్డ్ పెట్టినా అడక్కుండానే షేర్ ఫోల్డర్ తెరుచుకుంటోంది

కొర్లగుంట, తిరుపతి:
ఇంట్లో ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్, రెండూ విండోస్ 11. డెస్క్‌టాప్‌లో ‘లెక్కలు’ ఫోల్డర్ షేర్ చేశాను. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్‌లోనే ఉంది. అయినా ల్యాప్‌టాప్‌లో నొక్కగానే తెరుచుకుంటోంది. రెండింట్లోనూ లోకల్ అకౌంటే, పేరు ‘హోమ్’. పిన్‌లు మాత్రం వేరు. మేడ మీద అద్దెకున్న యూనివర్సిటీ పిల్లలదీ ఇదే వైఫై. వాళ్లకూ ఇలాగే తెరుచుకుంటుందా?

బైరాగిపట్టెడ:
పిన్ సంగతి వదిలేయండి, అది ఆ మెషీన్ దాటి పోదు. నెట్‌వర్క్‌లో పనికొచ్చేది దాని వెనకున్న పాస్‌వర్డే. షేర్ తెరిచేటప్పుడు విండోస్ మొదట మిమ్మల్ని అడగదు. లాగిన్ అయి ఉన్న అకౌంట్‌తోనే ప్రయత్నిస్తుంది, కుదరకపోతేనే బాక్స్ చూపిస్తుంది. రెండు చోట్లా పేరూ పాస్‌వర్డూ ఒకటే అయితే ఇక బాక్స్ రాదు. తనిఖీ జరుగుతోంది, మీకు కనబడ్డం లేదంతే.

ఖాయం చేసుకోవాలంటే ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ తెరిచి ఉంచి, డెస్క్‌టాప్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, సెషన్స్ చూడండి. చివరి కాలమ్ ‘గెస్ట్’, అంటే పాస్‌వర్డ్ లేకుండా లోపలికొచ్చారా అని. అక్కడ ‘యెస్’ అని ఉంటేనే కంగారు పడాలి. ల్యాప్‌టాప్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ (విండోస్ గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డ్‌ల జాబితా) కూడా చూడండి, ఎప్పుడో ‘రిమెంబర్’ టిక్ పెట్టి ఉండొచ్చు.

కొర్లగుంట, తిరుపతి:
గెస్ట్ ‘నో’, యూజర్ ‘హోమ్’. క్రెడెన్షియల్ మేనేజర్‌లో డెస్క్‌టాప్ పేరే లేదు. కంట్రోల్ ప్యానెల్‌లో ల్యాప్‌టాప్ అకౌంట్ పేరు ‘అమ్మ’ అని మార్చి, రీస్టార్ట్ కూడా చేశాను. అయినా అంతే.

గ్రీమ్స్‌పేట, చిత్తూరు:
అక్కడ మారేది పైకి కనబడే పేరొకటే సార్. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హూయామ్ఐ’ (whoami) కొట్టండి, పాత ‘హోమ్’ అట్లే ఉంటాది. పేరుతో పెట్టుకోకుండా ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మార్చండి. మార్చిన వెంటనే చూస్తే మళ్లీ తెరుచుకుంటాది, పాత కనెక్షన్ ఇంకా బతికే ఉంటాది కాబట్టి. రీస్టార్ట్ చేసినాక చూడండి. బాక్స్ వస్తే డెస్క్‌టాప్‌లోని అకౌంట్ పేరూ దాని పాస్‌వర్డూ ఇవ్వాల, ‘రిమెంబర్’ టిక్ మాత్రం వద్దు.

పిల్లల సంగతంటారా, పాస్‌వర్డ్ తెలియనిదే వాళ్లకు తెరుచుకోదు. కానీ షేర్ పర్మిషన్స్‌లో ‘ఎవ్రీవన్’ ఉంటే తీసేయండి. ఎవరన్నా ప్రొటెక్షన్ ఆఫ్ చేసినారంటే గెస్ట్ కూడా ఆ ‘ఎవ్రీవన్’లో చేరిపోతాది. నేనైతే డెస్క్‌టాప్‌లో ‘షేర్’ అని వేరే అకౌంట్ చేసి, దానికి ‘రీడ్’ ఒక్కటే ఇస్తా. ఆ అకౌంట్‌కు పాస్‌వర్డ్ ఖాళీగా పెట్టొద్దు, ఖాళీ పాస్‌వర్డ్ అకౌంట్‌ను విండోస్ నెట్‌వర్క్ మీంచి లోపలికి రానీదు.

బైరాగిపట్టెడ:
రౌటర్‌లో గెస్ట్ వైఫై ఉంటే పిల్లలకు అదివ్వండి. ఇచ్చాక పైనుంచి ఒక ఫోన్‌తో డెస్క్‌టాప్ ఐపీకి (నెట్‌వర్క్‌లో దాని అడ్రస్ నంబర్) ప్రయత్నించి చూడండి. కొన్ని రౌటర్లలో ‘లోకల్ నెట్‌వర్క్ యాక్సెస్’ అనే టిక్ విడిగా ఉంటుంది, అది తీసి ఉండాలి.

కొర్లగుంట, తిరుపతి:
పాస్‌వర్డ్ మార్చి రీస్టార్ట్ చేశాక బాక్స్ వచ్చింది. ‘ఎవ్రీవన్’ ఉండనే ఉంది, తీసేశాను.