ఎంసీహెచ్ తర్వాత పిల్లల గుండె సర్జరీ వైపు వెళ్తే నిలదొక్కుకోగలమా?

నేను జనరల్ సర్జరీ ఎంఎస్ ఫైనల్ ఇయర్, వయసు 29. నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్) రాసి సీటీవీఎస్ (గుండె, ఛాతీ, రక్తనాళాల సర్జరీలో ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) తీసుకుని, ఆ తర్వాత పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల సర్జరీలోకి వెళ్లాలని ఉంది. సీటు గురించి పెద్దగా టెన్షన్ లేదు, ఈ బ్రాంచిలో సీట్లు మిగిలిపోతూనే ఉన్నాయి కదా (అదే నన్ను భయపెడుతోంది కూడా!). నా బెంగంతా ఆ తర్వాతి సంగతి. ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎంఎస్ మూడు, ఎంసీహెచ్ మూడు, ఆపైన పిల్లల గుండె సర్జరీలో ఫెలోషిప్ అంటే ఇంకో ఏడాదో రెండేళ్లో. అప్పటికైనా ఆర్టీరియల్ స్విచ్ (గుండె నుంచి వెళ్లే పెద్ద ధమనులు పుట్టుకతో తారుమారైతే సరిచేయడం) లాంటి ఆపరేషన్ నా చేతికి ఇస్తారా, లేక నలభై దాటేదాకా అసిస్టెంటుగా పక్కన నిలబడటమేనా?

ఇంకోటి, ఈ పని ఒక్క సర్జన్‌తో అయ్యేది కాదు. పిల్లల కార్డియాలజిస్టు, అనస్థీషియా, ఆపరేషన్‌లో హార్ట్-లంగ్ మెషీన్ నడిపే పర్‌ఫ్యూజనిస్టు, రాత్రంతా కనిపెట్టుకునే ఐసీయూ నర్సులు, అందరూ ఉండాలి. అందుకే సొంతూరు కర్నూలుకి తిరిగొచ్చి చేయగలనన్న ఆశ పెద్దగా లేదు. 2021లో తిరుపతిలో పిల్లల గుండె ఆసుపత్రి పద్మావతి హృదయాలయం తెరిచాక కాస్త ధైర్యం వచ్చింది గానీ, అలాంటివి ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ఈ దారిలో ఉన్న సీనియర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి: ఫెలోషిప్ ఇక్కడే చేయాలా, విదేశాలకి వెళ్లాలా? మొదటి అయిదేళ్లు జీతంతో ఇల్లు గడిచిందా? నాన్న రిటైరయ్యారు, చెల్లి పెళ్లి ఉంది, అందుకే ఇంత సూటిగా అడుగుతున్నాను.