తిరుపతిలో ఉంటూ జపనీస్ భాష, సంస్కృతి తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: నేను తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను. శ్రీసిటీ పారిశ్రామికవాడలోని జపాన్ కంపెనీలను చూశాక ఆ భాష మీద ఆసక్తి కలిగింది; అయితే పుస్తకంతో సరిపెట్టుకోకుండా ఆ దేశపు ఆచారవ్యవహారాలను కూడా దగ్గరగా చూడాలంటే చెన్నై మేలా, హైదరాబాదా?

జవాబు 1: తమ్ముడూ, చెన్నైకే వెళ్లు. ఉదయం రైలెక్కితే రాత్రికి తిరిగి ఇల్లు చేరవచ్చు. అక్కడి ఏబీకే-ఏఓటీఎస్ దోసోకాయ్ అనే సంస్థ జపనీస్ బోధిస్తుంది. జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలోని ఐదు స్థాయుల్లో అన్నింటికంటే సులువైన ఎన్5తో మొదలుపెట్టు. తిరుమల కొండ బస్సులో తమిళం, కన్నడం, మరాఠీ వింటూ పెరిగిన మన చెవికి కొత్త ధ్వనులు త్వరగానే పట్టుబడతాయని నా నమ్మకం.

జవాబు 2: భాషనే పూర్తిస్థాయి చదువుగా ఎంచుకునేటట్లయితే నేను హైదరాబాదు వైపే మొగ్గుతాను, ఎందుకంటే 1958లో మొదలై 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ)లో జపనీస్‌తో పాటు అరబిక్, రష్యన్, స్పానిష్ వంటి భాషలు నేర్చుకునేవారంతా ఒకేచోట కలుస్తారు. తీరికవేళ మరో సంస్కృతిని కూడా దగ్గరగా చూడాలనిపిస్తే నగరంలోని బార్కస్ ప్రాంతానికి వెళ్లండి. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల వారసులు అక్కడ నేటికీ నివసిస్తున్నారు.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. డిగ్రీ పూర్తయ్యేదాకా చెన్నై, ఆ తర్వాత ఇఫ్లూ ప్రవేశపరీక్ష రాస్తాను.