ఈఎఫ్ 30 ఉంటే బైపాస్‌కి ముందు వయబిలిటీ ఎంఆర్ఐ తప్పనిసరా?

నల్లకుంట: గుండె మూడు నాళాల్లోనూ బ్లాకులు, ఈఎఫ్ (గుండె ఒక్కసారి కొట్టుకుంటే బయటికి నెట్టే రక్తం శాతం) 30, నొప్పి లేదు. హైదరాబాద్‌లోనే ఒకచోట వయబిలిటీ, అంటే గుండె కండరం ఎంత బతికుందో చూసే ఎంఆర్ఐ లేకుండా కుదరదంటున్నారు, ఇంకోచోట అక్కర్లేదంటున్నారు. ఏది నిజం?

ఎంఆర్ఐ బల్ల: తప్పనిసరే. గాడోలినియం అనే కాంట్రాస్ట్ మందు ఎక్కించిన 10–15 నిమిషాలకు చచ్చిన కండరం, అంటే మచ్చ, తెల్లగా కనబడుతుంది. గోడ మందంలో మచ్చ పావు వంతు లోపుంటే ఆ భాగం మళ్లీ కదిలే అవకాశం ఎక్కువ. సగం దాటితే బాగా తక్కువ, ముప్పావు దాటితే ఆశ లేనట్టే. ఇన్వర్షన్ టైమ్ (బొమ్మ ఏ క్షణంలో తీయాలో చెప్పే సెట్టింగ్) తప్పి మంచి కండరం నల్లగా రాకపోతే మాత్రం లెక్కంతా తప్పు.

ఎకో ప్రోబ్: పావుకీ సగానికీ మధ్యవాళ్ల సంగతేంటి? అక్కడ డోబుటమైన్ (గుండెను గట్టిగా కొట్టించే మందు) ఎకోయే దారి. కిలోకి నిమిషానికి 5, 10 మైక్రోగ్రాముల దగ్గర గోడ కదిలి, మోతాదు పెంచాక మళ్లీ పడిపోతే కండరం బతికుంది, రక్తమే చాలడం లేదు.

ఎంఆర్ఐ బల్ల: బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవాళ్లలో ఆ స్పందన మొద్దుబారుతుంది కదండీ.

ఎకో ప్రోబ్: నేనడిగింది మధ్యవాళ్ల గురించి. దానికి చెప్పండి.

పెట్ గది: షుగర్ పేషెంట్లకి గ్లూకోజ్, ఇన్సులిన్ సరిగా సర్దకుండా పెట్ స్కాన్‌కి ఎఫ్‌డీజీ (రేడియోధార్మిక గ్లూకోజ్) ఇస్తే బతికున్న కండరం కూడా చచ్చినట్టు కనబడుతుంది. షుగర్ దిగేదాకా ఆగుదామంటే ఎఫ్‌డీజీ రేడియోధార్మికత 110 నిమిషాలకు సగమైపోతుంది.

గ్రాఫ్ట్: అందరూ బొమ్మల దగ్గరే ఆగారు. మందులకి బైపాస్ కలిపితే లాభమా అని చూసిన స్టిచ్ ట్రయల్లో 1212 మంది. వయబిలిటీ చూసిన 601 మందిలో అది ఉన్నా లేకున్నా బైపాస్ లాభం మారలేదు. 2019లో తేలింది కూడా అంతే: ఈఎఫ్ పెరగడానికీ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకడానికీ లంకె దొరకలేదు.

ఎంఆర్ఐ బల్ల: అందులో ఎంఆర్ఐ లేదు! స్పెక్ట్ (ఐసోటోప్ స్కాన్), డోబుటమైన్ ఎకో మాత్రమే.

గ్రాఫ్ట్: 2022 రివైవ్డ్ ట్రయల్లో ఎంఆర్ఐలే ఎక్కువ. 700 మంది, వయబిలిటీ ఉన్నవాళ్లనే తీసుకున్నారు. అయినా మందులకంటే లాభం రాలేదు.

ఎంఆర్ఐ బల్ల: అవి స్టెంట్లు సార్! బైపాస్‌కి ఎలా ముడిపెడతారు?

గ్రాఫ్ట్: నా బాధ వేరే. రిపోర్టులో ‘వయబుల్ కాదు’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆ మనిషిని ఆపరేషన్‌కి పంపడమే మానేస్తున్నారు. ఏ సెగ్మెంట్లో (గుండె గోడ భాగంలో) ఎంత మచ్చో, ఏ నాళం వైపో రాయరు.

ఎంఆర్ఐ బల్ల: 17 సెగ్మెంట్లకీ శాతాలు రాస్తాను. ఆపరేషన్ వద్దని ఏనాడూ రాయలేదు. గోడ కోలుకుంటుందా అన్నదే నేను చెప్పగలిగేది.

ఎకో ప్రోబ్: మరి తప్పనిసరి అన్నారే?

ఎంఆర్ఐ బల్ల: ఇప్పుడూ అంటాను. ఎల్ఏడీ (గుండె ముందు గోడకి రక్తమిచ్చే నాళం) వైపంతా ముప్పావు దాటిన మచ్చే ఉంటే, ఈఎఫ్ పెరగకపోవచ్చని ఆపరేషన్‌కి ముందే ఇంట్లోవాళ్లకి చెప్పాలి.

గ్రాఫ్ట్: చెప్పడానికైతే తీయండి. ఆపడానికి వద్దు.

పెట్ గది: నల్లకుంట గారూ, ఆపరేషనయ్యాక ఆరు వారాల ఎకో చూసి దిగులుపడకండి. రక్తం చాలక నిద్రపోయిన కండరం లేవడానికి 3–6 నెలలు, కొందరికి ఏడాది.