కబురు, బఖరు, బ్రౌను దొర

అడిగినది:
సి.పి. బ్రౌను అంటే నాకు వేమన పద్యాలూ నిఘంటువూ అంతే. మొన్న ఆయన పుస్తకాల జాబితా చూస్తుంటే హైదరాలీ, టిప్పు సుల్తానుల చరిత్ర ఒకటి తగిలింది. మరాఠీ నుంచి తనే ఇంగ్లీషు చేసి, 1849లో మద్రాసులో అచ్చేయించాడట. మరాఠీలో పాలకుల గురించి రాసిన అలాంటి వచనాన్ని ‘బఖరు’ అంటారని మా మాస్టారు చెప్పారు. ఈ మాటకు తెలుగులో చుట్టాలెవరైనా ఉన్నారా? అయినా నిఘంటువులు రాసుకునే మనిషికి నవాబుల జీవితాలతో ఏం పని పడింది?

జవాబు:
చుట్టం మీ నోట్లోనే ఉందండీ, కబురు. అరబ్బీ ‘ఖబర్’ పారసీ మీదుగా మన దాకా వచ్చి కబురైంది. మరాఠీలో ఖ, బ చోట్లు మార్చుకుని ‘బఖర్’ అయిందని ఎక్కువమంది చెప్పే మాట. వారణాసి బనారసు కాలేదూ, అలాగే.

శివాజీ కొలువులో పనిచేసిన కృష్ణాజీ అనంత సభాసదు, శివాజీ పోయాక, కొడుకు రాజారాం కోసం 1690ల్లో ఒక బఖరు రాశాడు. రాజారాం అప్పుడు తమిళదేశంలో జింజి కోటలో ఉన్నాడు. ప్రభువు అడిగాడు, కొలువు మనిషి రాసిచ్చాడు. రాజు చరిత్ర పుట్టుకలో ఒక కబురేనన్నమాట. మనకూ ఈ పద్ధతి కొత్త కాదు. రాయవాచకం తీసి చూడండి. కృష్ణరాయల కథంతా, మధుర నాయకుడు కాశీ విశ్వనాథ నాయకుడికి ఆయన స్థానాపతి, అంటే రాయబారి, చేసుకునే విన్నపంలా నడుస్తుంది. ఇవాళ వాచకమంటే బడిపిల్లల పుస్తకం. అక్కడ మాత్రం అదీ కబురే.

ఇక బ్రౌను. హైదరు కథ రాసినాయన పేరు రామచంద్రరావు పుంగనూరి. ఇంటిపేరు చూస్తే మన చిత్తూరు వైపు ఊరు, రాసింది మరాఠీ, కథ శ్రీరంగపట్నానిది, అచ్చయింది మద్రాసులో ఇంగ్లీషున! ఆ తర్వాత 1853లో, తెలుగులో ఉన్న అనంతపురం చరిత్రను ‘రాజుల యుద్ధాలు’ అన్న పేరుతో ఇంగ్లీషు చేశాడు. 1854లో మిశ్రభాషా నిఘంటువు, అంటే తెలుగులో కలిసిపోయిన పరాయి మాటల పుస్తకం, బయటికొచ్చింది.

నన్నడిగితే ఈ మూడూ ఒకటే పని. ఫౌజు, ఖిల్లా, జమాబంది (శిస్తు లెక్క), పేష్కషు (కప్పం) ఇవేవీ వసుచరిత్ర లాంటి కావ్యంలో దొరకవు. 1820లో కడపలో ఉద్యోగానికి దిగిన దొరకు కచేరీలో పొద్దస్తమానం చెవిన పడేవి ఇవే. అవి వాక్యంలో ఎలా కుదురుకుంటాయో చూడాలంటే కోటలు, ముట్టడులు, కప్పాలు ఉన్న కథ కావాలి. అందుకే మాటల వేటలో పడి పాలకుల కథల్లోకి వెళ్లాడనుకుంటాను. ఇంకో తమాషా, 1840ల చివర్లో ఆయన మద్రాసుకు పోస్టుమాస్టరు జనరల్ కూడాను. కబుర్ల శాఖకే పెద్ద!

ఇంకొకరు:
కథ బాగుంది గానీ రెండు అభ్యంతరాలు. ఒకటి, బఖరుకు ఖబరే మూలమని ఖాయంగా అనలేం. ఉత్తరాల చివర రాసే ‘బఖైర్’, అంటే అంతా క్షేమం అన్న మాట నుంచి వచ్చిందనే వాదమూ ఉంది. రెండు, బ్రౌనును రాజకీయ జీవితచరిత్రకారుణ్ణి చేసేయకండి. రాసింది రామచంద్రరావు గారు, బ్రౌను అనువదించి వ్యాఖ్యలు చేర్చాడు. పేరంతా దొరకే కట్టబెట్టడం మనకు పాత అలవాటు.

జవాబు:
రెండోదానికి నా దగ్గర జవాబు లేదండీ, ఒప్పుకుంటున్నాను. మొదటిదానికి మాత్రం నా ఓటు ఖబరుకే. అర్థం కూడా సరిపోతోంది కదా.

వరంగల్ నుంచి ఒకరు:
ఒక సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కబురు ఏకవచనంలో ఉంటే నిఖార్సైన సమాచారం. ‘పెళ్లి కబురు’, ‘చావు కబురు చల్లగా చెప్పాడు’. బహువచనం చేయండి, మాట తేలిపోతుంది. కాకమ్మ కబుర్లు, కాలక్షేపం కబుర్లు. మా దిక్కు ‘ముచ్చట’ ఇట్ల గాదు. ‘గా ముచ్చట ఎర్కేనా’ అన్నా ముచ్చటే, రాత్రి దాకా ముచ్చట్లు పెట్టుకున్నా ముచ్చట్లే. బఖర్లను ఎంతవరకు నమ్మొచ్చని చరిత్రకారులు చాన్నాళ్ల నుంచి కొట్లాడుకుంటున్నరు. అంటే అవి కబురా, కబుర్లా అన్న పంచాయితీ అన్నట్టు.

అడిగినది:
అందరికీ దండాలు. రామచంద్రరావు గారి మరాఠీ మూలం దొరికితే చదివి చెప్పగలిగినవాళ్లు ఇక్కడెవరైనా ఉన్నారా? కాకితో కబురంపినా చాలు, వచ్చి వాలిపోతాను.