ఏడాది సినిమాల లెక్కలో రెండోసారి చూసింది ఎక్కాలా వద్దా?

పెన్నాగట్టు (నెల్లూరు)
జనవరి నుంచి చూసిన ప్రతి సినిమా రాసుకుంటున్నానబ్బా, తేదీ, యాడ చూశా, ఎవరితో పోయా, ఎట్టా అనిపించింది అని రెండు ముక్కలు. ఇప్పుడు రూమ్‌లో రోజూ ఇదే గొడవ, మళ్లీ చూసిన సినిమాకి కొత్త నంబరు వెయ్యాలా వద్దా అని. మావాళ్లేమో సినిమా ఒకటేగా, ఒకటే లెక్క అంటారు. నేను మాత్రం ఒప్పుకోను. నేను రాసేది ఏ సినిమాలు వచ్చాయో కాదు, నేను ఎప్పుడెప్పుడు కూర్చుని చూశానో. బాహుబలినే తీసుకోండి, మొదటిది 2015, రెండోది 2017, మళ్లీ 2025 అక్టోబరు 31న రెండూ కలిపి ఎడిట్ చేసి మూడు ముప్పావు గంటల ఒకే సినిమాగా వదిలారు. అది కొత్త సినిమానా, పాతవి రెండూ మళ్లీ చూసినట్టా? కూర్చుని చూసిన ప్రతిసారీ ఒక నంబరు అనుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

ఒంగోలు ట్రంకురోడ్డు
అన్నా, నేను ఒప్పుకోను. లిస్టు పెట్టుకునేదే ఈ ఏడాది కొత్తగా ఏం చూశామో తెలియడానికి. 2022 ఆగస్టులో పోకిరి 4కె వేసినప్పటి నుంచి ప్రతి హీరో పుట్టినరోజుకీ ఒక పాత సినిమా దిగుతా ఉంది, మేం పోయేది కూడా ఆ కేకలకీ కాయితాలకీ, డైలాగు హీరో కంటే ముందు హాలు మొత్తం చెప్పేస్తది. అది జాతర. తప్పు అనట్లా, నేనూ పోతా. కానీ దానికీ నంబరేస్తే ఒకే సినిమాకి పదిసార్లు పోయినోడూ, తమిళం మలయాళం ఇరానీ అంటా వెతుక్కుని పది సినిమాలు చూసినోడూ లెక్కలో ఒకటే అయిపోతారు గదా. అది న్యాయమా?

కావలి పిల్ల
తమ్ముడూ, నువ్వు సినిమా మారదు అనుకుని మాట్లాడతన్నావు. మన సినిమాలు రిలీజయ్యాక కూడా మారతానే ఉంటాయి. లెంగ్త్ ఎక్కువైందని టాక్ వస్తే ట్రిమ్ చేస్తారు, తీసేసిన పాట మళ్లీ కలుపుతారు. పుష్ప 2 డిసెంబరు 5, 2024న వచ్చింది, జనవరి 17 నుంచి ఇంకో ఇరవై నిమిషాలు కలిపి వేశారు. మొదటి రోజు చూసినోళ్లూ సంక్రాంతి తర్వాత చూసినోళ్లూ చూసింది ఒకటే ఎట్టా అయితది? అందుకే తేదీ ముఖ్యం.

ఇంకోటి, చూసిన సినిమాలు రాసుకునే యాప్ లెటర్‌బాక్స్‌డ్ వాడేవాళ్లకి తెలుసు, అందులో డైరీ వేరు, చూసిన సినిమాల లిస్టు వేరు. డైరీలో ఎన్నిసార్లు చూస్తే అన్ని ఎంట్రీలు, మళ్లీ చూశానని టిక్ పెట్టొచ్చు, దేని రేటింగ్ దానికే ఉంటది. లిస్టులో మాత్రం సినిమా ఒక్కసారే. సినిమాలకి రేటింగ్ ఇచ్చే సైటు ఐఎండీబీలో అట్టా కాదు, రేటింగ్ మారిస్తే పాతది పోద్ది. పోయిన ఏడు నీకు ఎందుకు నచ్చలేదో ఇప్పుడు వెతుక్కున్నా దొరకదు. నాకు ఈ ఒక్క కారణం చాలు.

మార్నింగ్‌షో
నంబర్ల సంగతి తర్వాత, అసలు ఈ రాతే సినిమాని పాడు చేస్తా ఉంది. మా బ్యాచ్‌లో ఒకడు క్లైమాక్స్ నడస్తా ఉంటే ఫోన్ తీసి స్టార్లు ఇస్తాడు, మూడా మూడున్నరా అని. ముందు సీట్లో ఆ వెలుగు మన కంట్లో పడతది. సినిమా మనలోకి దిగేదానికి రవంత టైమ్ పడతది, రెండు రోజులు పోనియ్యండి. అప్పటికీ గుర్తుండేదే నువ్వు చూసిన సినిమా. గుర్తు లేనిదాన్ని రాసిపెట్టుకుని ఏం చేస్తావు?

పెన్నాగట్టు (నెల్లూరు)
హాల్లో ఫోన్ తియ్యడం నాకూ అస్సలు నచ్చదు, తెల్లారి టీ తాగేటప్పుడు రాయి, ఎవరొద్దన్నారు. స్టార్లు కూడా నేను వెయ్యను. కానీ గుర్తుండేదే చూసినట్టు అంటే మాత్రం కాదు. నచ్చనిది మనం త్వరగా మర్చిపోతాం, అందుకే అదే ముందు రాయాలి. ఇంటర్వెల్‌కి లేచొచ్చేస్తే ఇంటర్వెల్‌కి లేచొచ్చేశా, ఇందుకు అని రాస్తా. నంబరు మాత్రం వెయ్యను. ఓటీటీలో ఒకటిన్నర స్పీడులో పెట్టి చూసిందానికీ వెయ్యను, పాట, మాటల మధ్య గ్యాపు అన్నీ పోయాక చూసింది కథే గానీ సినిమా కాదు.

కొండపి పెద్దాయన
పిల్లలూ, నా మాట రాసుకోండి. ప్రతిఘటన 1985లో వచ్చింది, తీసిన టి. కృష్ణ గారు మన ప్రకాశం జిల్లా ఆయనే. అప్పుడు ఒంగోల్లో చూశా. క్లాస్‌రూమ్‌లో జానకమ్మ పాట వచ్చేసరికి హాలంతా చప్పుడు లేదు, అదొక్కటే బాగా గుర్తు. ఈమధ్య మనవరాలితో కూర్చుని మళ్లీ చూస్తే పాట కంటే ఆ క్లాసులో పిల్లల మొహాలే చూస్తా కూర్చున్నా. ఇరవై ఏళ్లప్పుడు నా కళ్లు యాడున్నాయో చెప్పే కాయితం ముక్క నా దగ్గర లేదు. రెండు చూపులూ రాయాల్సిందే, రెండూ లెక్కే.

ఒంగోలు ట్రంకురోడ్డు
పెద్దాయనా, మీరు చెప్పింది బాగుంది, రాయొద్దని నేను ఎప్పుడూ అనలా. రాయండి, నంబరు మాత్రం మొదటిసారికే ఇవ్వండి. రెండోసారిది ఆ ఎంట్రీ కిందనే తేదీతో రాసుకుంటే పక్కపక్కనే కనబడతాయి, మీరు అడిగే పోలిక కూడా అప్పుడే బాగా తెలుస్తది.

కావలి పిల్ల
పక్కపక్కన పెట్టడం బాగానే ఉంది గానీ వరస పోద్ది గదా. ఏ సినిమా తర్వాత ఏది చూశామో, దాన్ని బట్టి కూడా మన అభిప్రాయం మారతది. సరే, నాదొక డౌటు. పిల్లలు పడుకున్నాక రోజుకి రవంత చూస్తా, ఒక సినిమా మూడు రాత్రులు పడతది. ఏ తేదీ వెయ్యాలి?

పెన్నాగట్టు (నెల్లూరు)
అయిపోయిన రోజు తేదీ అక్కా. అయ్యేదాకా అది చూసినట్టు కాదు.

ఒంగోలు ట్రంకురోడ్డు
అయితే అన్నా, డిసెంబరు 31 సెకండ్ షో కి పోతే బయటికొచ్చేసరికి జనవరి 1. నీ రూల్ ప్రకారం అది వచ్చే ఏడాది లెక్క.

పెన్నాగట్టు (నెల్లూరు)
హాల్లో చూస్తే టికెట్ మీదున్న తేదీ. ఇంట్లో చూస్తే అయిపోయిన తేదీ.

ఒంగోలు ట్రంకురోడ్డు
కూర్చుని చూసిన ప్రతిసారీ లెక్కే అని మొదలుపెట్టింది నువ్వే, ఇప్పుడు హాలుకో రూలూ ఇంటికో రూలూ అంటే ఎట్టా కుదురుతది? ఏదో ఒకటి చెప్పు, అప్పుడు నేనూ నా నంబర్లు మార్చేదేమో చూస్తా.